దారి మళ్లింపు: వెబ్ పుటలలో దోషమును కనుగొను విధానము

గత విద్యాసంవత్సరమున మా కంప్యూటరు ప్రయోగశాలలో విద్యార్థులు పీహెచ్‌పీ భాషలో ఒక చిన్న దరఖాస్తు పుటను తయారు చేసిరి. విద్యార్థి తన వివరములు నింపి మీట నొక్కగానే అవి పట్టికలో చేరి, వెంటనే రశీదు పుట తెరుచుకొనవలెను. శీర్షికలు ఆంగ్లములో ఉన్నంతకాలము అది చక్కగా పనిచేసినది. వాటిని తెలుగు, ఉర్దూ లిపులలోనికి మార్చి భద్రపరచిన నాడు రశీదు రాలేదు. హెడర్లు ఇదివరకే పంపబడినవను హెచ్చరిక మాత్రము తెరపై కనిపించినది. రశీదు రాలేదని విద్యార్థులు మరల మరల మీట నొక్కగా, ఒక్కొక్కరి పేరు పట్టికలో మూడేసి, నాలుగేసి సార్లు చేరినది.

మన లిపులు యంత్రమునకు సరిపడవేమోనని కొందరు నిరుత్సాహపడి, పుటను తిరిగి ఆంగ్లములోనికి మార్చుదమని సూచించిరి. ఆ సూచన మాకు సమ్మతము కాలేదు. దోషము లిపిలో ఉన్నదా, మా పనిలో ఉన్నదా అని పరీక్షింప నిశ్చయించితిమి. ఆ పరీక్షలో మేము నేర్చిన దానిని విద్యార్థుల ముందుంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

దారి మళ్లింపు అనగానేమి?

వన్‌టౌన్‌లోని ఒక దుకాణమునకు వెళ్లితిమనుకొందము. "దుకాణము గవర్నరుపేటకు మారినది" అని గుమ్మము వద్ద ఒకరు చెప్పిరి. ఆయన మనలను చేయి పట్టి తీసుకొని పోలేదు. చిరునామా మాత్రమే చెప్పెను. గవర్నరుపేటకు నడిచి వెళ్లవలసినది మనమే.

వెబ్ సర్వరు చేయు పనియు ఇంతే. బ్రౌజరు ఒక పుటను అడుగును. సర్వరు ఇచ్చు జవాబులో రెండు భాగములుండును: మొదట హెడర్లు, ఒక ఖాళీ పంక్తి తరువాత పుట యొక్క దేహము. దారి మళ్లించునపుడు సర్వరు 301, 302 వంటి ఒక సంఖ్యను, 'లొకేషన్' అను హెడరులో కొత్త చిరునామాను పంపును. బ్రౌజరు దానిని చదివి, తానే రెండవసారి బయలుదేరి కొత్త పుటను అడుగును. సర్వరు ఎవరినీ ఎక్కడికీ తీసుకొని పోదు; చిరునామా చెప్పును, అంతే. ఈ ఒక్క మాట గుర్తుంచుకొన్నచో దోషములన్నియు వరుసగా తెలియవచ్చును.

మొదటి దోషము: ఆలస్యముగా చెప్పుట

1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణానీటిని ఏలూరు కాలువకు, బందరు కాలువకు పంచుట కాలువ తల వద్దనే జరుగును. నీరు ఒక కాలువలో మైళ్లకొలది సాగిన పిదప దానిని వెనుకకు పిలిచి మరొక కాలువకు మళ్లింపలేము. అట్లే దేహము నుండి ఒక్క అక్షరము బయలుదేరినను, ఇక హెడర్లు పంపుటకు వీలులేదు. కోడు ప్రారంభమునకు ముందు ఒక ఖాళీ పంక్తి, ఒక్క ఖాళీ స్థలము ఉన్నను చాలును. దారి మళ్లింపు విఫలమగును.

మా ఫైలులో ఖాళీ పంక్తి లేదు. అయితే హెచ్చరికను ఓపికగా పూర్తిగా చదువగా, దేహము ఏ ఫైలులో, ఏ పంక్తి వద్ద మొదలైనదో అందులోనే వ్రాయబడియున్నది. అది మొదటి పంక్తి! అక్కడ కంటికి కనబడునది ఏమియు లేదు. కనబడనిది మాత్రము కలదు. అది 'బీఓఎం' అను గుర్తు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఫైలును భద్రపరచునపుడు కొన్ని ఎడిటర్లు మొట్టమొదట మూడు బైట్లను తామే చేర్చును. పాత నోట్‌ప్యాడ్ అట్లే చేసెడిది. 2019లో వచ్చిన విండోస్ 10 మార్పు నుండి ఆ గుర్తు లేకుండ భద్రపరచుటయే దాని సాధారణ పద్ధతియైనది. మా ప్రయోగశాలలోని యంత్రములు అంతకు పూర్వపువి.

లిపికి ఇందులో ఏ దోషమును లేదు. 1991 నాటి మొదటి యూనికోడ్‌లోనే తెలుగునకును, ఉర్దూ అక్షరములు గల అరబ్బీ విభాగమునకును స్థానము లభించినది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతము ఒక్కొక్కటి మూడు బైట్లను, ఉర్దూ అక్షరము సాధారణముగా రెండు బైట్లను ఆక్రమించును. రెండును యంత్రమునకు సమానమే. ఆంగ్లములో ఉన్నపుడు ఫైలును యూటీఎఫ్-8గా మార్చవలసిన అవసరము రాలేదు గనుక గుర్తు చేరలేదు. కాబట్టియే నింద లిపి మీద పడినది.

దీనికి చికిత్స మూడు విధములు. ఫైలును బీఓఎం లేని యూటీఎఫ్-8గా భద్రపరచవలెను. లెక్కలు, పరీక్షలు, దారి మళ్లింపులు అన్నియు ముగిసిన తరువాతనే పుట దేహమును ఆరంభింపవలెను. కేవలము పీహెచ్‌పీ కోడు మాత్రమే గల ఫైలు చివర ముగింపు గుర్తును వ్రాయకుండుట మంచిది. దాని వెనుక ఖాళీ పంక్తులు చేరు ప్రమాదము తప్పును. కొన్ని సర్వర్లు దేహమును కొంతసేపు నిలువ ఉంచి పంపును గనుక అక్కడ ఈ దోషము బయటపడదు. ఒక యంత్రముపై నడచిన కోడు మరొకదానిపై నడువకపోవుటకు తరచు ఇదియే కారణము. నిలువ ఉంచుట రోగమును కప్పును గాని మాన్పదు.

రెండవ దోషము: చెప్పిన పిదప ఆగకపోవుట

'హెడర్' ఫంక్షను చిరునామా చెప్పును గాని కోడును ఆపదు. ప్రవేశము లేని వానిని లాగిన్ పుటకు పొమ్మని చెప్పి, తరువాతి పంక్తిలో 'ఎగ్జిట్' అని వ్రాయనిచో, దిగువనున్న మార్కుల పట్టిక అంతయు జవాబుతోపాటు వెళ్లిపోవును. బ్రౌజరు దానిని చూపదు. కాని వేరు సాధనములతో చదువువారికి అది స్పష్టముగా కనబడును. ఇతరుల వివరములు మన చేతిలో ఉన్నపుడు ఈ అజాగ్రత్త క్షమింపరానిది.

మూడవ దోషము: సంఖ్యను తప్పుగా వాడుట

2024 సెప్టెంబరు మొదటి దినములలో అతివృష్టికి కాజీపేట–విజయవాడ మార్గమున కేసముద్రము ప్రాంతములో రైలుకట్ట కొట్టుకొని పోయినపుడు అనేక రైళ్లను వేరు దారులలో నడిపిరి. కట్ట బాగుపడగానే పాతదారియే దారి. ఇది తాత్కాలికము, ఇట్టి దానికి 302. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడి విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రమైనది. ఇక చిరునామాలో కృష్ణా జిల్లా అని వ్రాయము. ఇది శాశ్వతము, ఇట్టి దానికి 301. శాశ్వతమని చెప్పిన దానిని బ్రౌజరు జ్ఞాపకముంచుకొనును. పొరపాటున 301 పంపి, తరువాత కోడును సరిదిద్దినను, బ్రౌజరు సర్వరును అడుగకయే పాత మాట ప్రకారము పోవచ్చును. కావున పరీక్షాకాలమున 302నే వాడవలెను.

దరఖాస్తును స్వీకరించిన తరువాత పంపదగిన సంఖ్య 303. దాని అర్థము, "పని అయినది, ఫలితమును ఆ పుటలో చూడుము" అని. అప్పుడు విద్యార్థి రశీదు పుటను ఎన్నిసార్లు తిరిగి తెరచినను దరఖాస్తు మరల చేరదు. అయినను మీటను రెండుసార్లు త్వరగా నొక్కువారు ఉందురు గనుక, ఒక హాల్‌టికెట్టు సంఖ్య పట్టికలో ఒక్కసారియే చేరునట్లు కట్టడి చేయుట అవసరము.

నాలుగవ దోషము: వలయము

మొదటి కిటికీ గుమస్తా రెండవ కిటికీకి, రెండవ కిటికీ గుమస్తా మొదటి దానికి పంపినచో మన గతి ఏమగును? లాగిన్ కానివారిని లాగిన్ పుటకు పంపు నిబంధనను లాగిన్ పుటలోనే చేర్చినచో బ్రౌజరునకు అదే గతి పట్టును. క్రోమ్ వంటి బ్రౌజర్లు 20 సార్లు తిరిగి, ఇక చాలునని ఆగిపోవును. కుకీ నిలువకపోయినను ఇట్లే జరుగవచ్చును. ఎఫ్12 మీట నొక్కి నెట్‌వర్క్ విభాగమున ప్రతి మెట్టు సంఖ్యను, లొకేషన్‌ను కాగితముపై వ్రాసికొన్నచో వలయము ఎక్కడ మొదలైనదో తెలిసిపోవును.

కొత్త చిరునామాలో తెలుగు, ఉర్దూ పేర్లు చేర్చునపుడు వాటిని శాతపు గుర్తులతో కూడిన సంకేతములుగా మార్చియే పంపవలెను. అట్లే ఎక్కడికి పోవలెనో బయటివారు చెప్పిన చిరునామాను పరీక్షింపక అంగీకరింపరాదు. మన పేరు చూచి నమ్మిన విద్యార్థిని మోసగాండ్ర పుటకు మనమే పంపినవారమగుదుము.

మా దరఖాస్తు పుట కథ ఇట్లు ముగిసినది: మూడు బైట్లు తొలగించితిమి, 'ఎగ్జిట్' చేర్చితిమి, 302 స్థానమున 303 వ్రాసితిమి. రశీదు వచ్చినది, శీర్షికలు తెలుగులోను ఉర్దూలోను నిలిచినవి. దోషము కనబడినపుడు మన భాషను తొలగించుట సులభము; హెచ్చరికను చివరివరకు చదువుట కొంత శ్రమ. విద్యార్థులు ఆ శ్రమనే అలవరచుకొందురుగాక!