ఏదెను అని పేరుగల కొండ

చదువవలసిన భాగములు: ఆదికాండము 2:8-15, ద్వితీయోపదేశకాండము 23:15-16, లూకా 19:41-44



ఏదెను అను పేరు ప్రార్థనలలోను ప్రసంగములలోను మనము తరచుగా వినుచున్నాము. అదే పేరుగల తోట ఒకటి నేడు అమెరికా దేశములో ఉన్నది. ఒహాయో రాష్ట్రమందలి సిన్సినాటి పట్టణములో ఒక కొండమీద 186 ఎకరముల ఉద్యానవనము కలదు. దానిని ఈడెన్ పార్కు అందురు. ఈడెన్ అనగా మన బైబిలులోని ఏదెనే. ఈ నెల పాఠములో ఆ కొండమీదికి వెళ్లి, అక్కడనుండి ఏమి కనబడునో, ఏమి కనబడదో చూతము.

పూర్వము రాళ్లు తవ్విన గోతులలో ఇప్పుడు రెండు చిన్న చెరువులున్నవి. వాటి ప్రక్కనున్న కొండ అంచున నిలిచి చూచినయెడల క్రింద ఒహాయో నది వంపు తిరిగి పారుచుండును. ఆవలి ఒడ్డున కెంటకీ రాష్ట్రపు పచ్చని గుట్టలు. ఈవల దిగువను పట్టణపు ఎత్తైన మేడలు. పార్కులో 1886లో తెరచిన చిత్రశాల, 1933లో కట్టిన అద్దాల పూలమందిరము కూడ ఉన్నవి. వాటిని గూర్చి చెప్పవలెనంటే వేరొక పాఠమగును.

ఆ పేరు ఎట్లు వచ్చెను? నికొలాస్ లాంగ్‌వర్త్ అను ధనవంతుడైన న్యాయవాది ఆ కొండచరియలలో కటాబా అను జాతి ద్రాక్షను పెంచి, ఆ భూమిని ఏదెను తోట అని పిలిచెను. ఆ పండ్లతో చేసిన ద్రాక్షారసము దూరదేశములలో కూడ పేరుపొందెను. (ఈ సంగతి మన సంఘ పెద్దలకు అంతగా రుచింపదని మేమెరుగుదుము. చరిత్ర గనుక వ్రాయుచున్నాము.) తరువాత తీగెలకు తెగులు పట్టెను. కాయలు నల్లబడి కుళ్లిపోయెను, ఆకులకు బూజు పట్టెను. మిరపచేనికి తెగులు తగిలిన యేడు రైతు ముఖమెట్లుండునో చూచిన మనకు ఇది వివరింపనక్కరలేదు. లాంగ్‌వర్త్ 1863లో మరణించెను. 1869లో పట్టణమువారు అతని వారసులయొద్ద ఆ భూమిని కొని ప్రజలకొరకు ఉద్యానవనము చేసిరి. పేరు మాత్రము నిలిచెను.

మోషే వ్రాసిన ఏదెనులోనుండియు ఒక నది బయలుదేరెనని చదువుచున్నాము. ఈ కొండక్రింది నది మరియొక విధమైన నది. మన గోదావరికి ఇరుదరులను ఒకే చట్టము. ఒహాయో నదికి ఆ దినములలో అట్లు కాదు. 1787లో చేసిన శాసనము నదికి ఉత్తరపు ఒడ్డున బానిసత్వమును నిషేధించెను. దక్షిణపు ఒడ్డున కెంటకీలో మనుష్యులను సంతలో పశువులవలె అమ్ముచుండిరి. అప్పుకు జీతగాడై తరతరములు ఒకే వాకిట పనిచేసిన కుటుంబములు మన గ్రామములలోను ఉండెను గనుక, ఆవలి ఒడ్డునుండి ఈ కొండ ఎట్లు కనబడి యుండునో మనము కొంత ఊహింపగలము.

ఆ కొండకు ఆనుకొనియున్న వాల్నట్ హిల్స్ అను చోట లేన్ సెమినరీ యుండెను. కాపరులగుటకు చదువుకొను యౌవనులు 1834 ఫిబ్రవరిలో అక్కడ కూడి, బానిసలను విడువవలెనా అని 18 సాయంకాలములు వాదించిరి. వారిలో జేమ్స్ బ్రాడ్లీ అను నల్లజాతి విద్యార్థి యుండెను. ఆయన రాత్రులు పనిచేసి డబ్బు కూర్చి తన్ను తానే కొనుక్కొన్నవాడు. ఆయన లేచి మాటలాడిన తరువాత, బానిసలకు స్వాతంత్ర్యమిచ్చినయెడల బ్రదుకనేరరనువారికి ఏమి జవాబు మిగిలెను? అయితే సెమినరీ ధర్మకర్తలు అట్టి చర్చలను నిషేధించిరి. అనేకమంది విద్యార్థులు వెళ్లిపోయిరి. సెమినరీలో చదివిన మేము ఈ సంగతి చదువునప్పుడెల్ల, ఆ స్థలమున మేమైతే ఏమి చేసియుందుమో అని వెనుదీయుదుము. ధర్మకర్తలు దుష్టులు కారు. చందాలిచ్చువారికి, పట్టణపు వ్యాపారులకు కోపము రాకూడదని తలంచిన మనుష్యులు. అట్టివారు మన కమిటీలలోను ఉన్నారు.

హారియెట్ బీచర్ స్టోవ్ ఆ సెమినరీ అధ్యక్షుని కుమార్తె. 1832 మొదలు 1850 వరకు ఆమె ఆ పట్టణముననే నివసించి, అక్కడ విన్నవి కన్నవి మనస్సున పెట్టుకొని, 1852లో 'అంకుల్ టామ్స్ క్యాబిన్' అను పుస్తకమును వెలువరించెను.

ఇప్పుడు ద్వితీయోపదేశకాండము తెరువుడి. యజమానునియొద్దనుండి తప్పించుకొని నీయొద్దకు వచ్చిన దాసుని తిరిగి అప్పగింపకూడదనియు, అతడు కోరుకొన్న ఊరిలో నీ మధ్య నివసింపనియ్యవలెననియు అక్కడ ఆజ్ఞ యున్నది. 1850లో అమెరికా చేసిన చట్టము దీనికి నేరుగా ఎదురు నిలిచెను. పారిపోయి వచ్చినవానికి అన్నము పెట్టి దాచినవానికి 1000 డాలర్ల వరకు జుల్మానా, ఆరు నెలల వరకు ఖైదు. అప్పటినుండి ఉత్తరపు ఒడ్డు చేరినవారికి సహితము భద్రత లేకపోయెను. రెండు పక్షములవారును ఇదే బైబిలును చదువుచుండిరి. కొందరు ఫిలేమోనుకు వ్రాసిన పత్రికను మాత్రమే చూపి, ఈ వచనములను దాటిపోవుచుండిరి.

1856 జనవరిలో నది గడ్డకట్టెను. మార్గరెట్ గార్నర్ అను తల్లి తన భర్తతోను పిల్లలతోను రాత్రివేళ ఆ మంచుమీద నడచి సిన్సినాటికి వచ్చి, బంధువుల యింట దాగెను. తెల్లవారి కొద్దిసేపటికే పట్టుకొనువారు ఇల్లు చుట్టుముట్టిరి. పిల్లలను మరల బానిసత్వములోనికి పోనియ్యనని, ఆమె తన రెండేండ్ల కుమార్తెను తన చేతులతోనే చంపెను. ఆమెను హత్యానేరమునకు విచారింపవలెనని ఒహాయో అధికారులు కోరిరి. నేరము మోపవలెనన్న ముందు ఆమెను మనిషియని ఒప్పుకొనవలెను గదా! కేంద్ర ప్రభుత్వపు న్యాయాధికారి ఆమెను యజమానునికి అప్పగించెను. ఆమెను పడవమీద దక్షిణమునకు తీసికొనిపోయిరి. రెండేండ్లకు జ్వరముతో చనిపోయెను. ఆ తల్లి చేసినది సరియా అని బైబిలు క్లాసులో ఎవరైన అడిగినయెడల తొందరపడి జవాబు చెప్పకుడి.

మన ప్రభువు కూడ ఒక కొండమీదనుండి ఒక పట్టణమును చూచెను. యెరూషలేము దూరమునుండి చాల అందమైన పట్టణము. దానిని చూచి ఆయన యేడ్చెనని లూకా వ్రాసెను. శిష్యులకు ఆ దినమున ఏమి కనబడెనో మనకు తెలియదు. ఆయనకు మాత్రము గోడలవెనుకనున్న పిల్లలు కూడ కనబడిరి.

కెంటకీలో బానిసత్వము 1865 డిసెంబరులో ముగిసెను. మరుసటి సంవత్సరమే సిన్సినాటికిని ఎదుటనున్న కవింగ్టన్‌కును నడుమ వ్రేలాడు వంతెనమీద జనులు నడువసాగిరి. 1,057 అడుగుల పొడవుగల దాని మధ్యభాగము ఆనాటికి లోకములో అన్నిటికంటె పెద్దది. ఆ వంతెన ఇప్పటికిని నిలిచియున్నది. దాని దాపున ఏటియొడ్డున 2004లో ఒక ప్రదర్శనశాల తెరచిరి. కెంటకీలోని ఒక పొలమునుండి విప్పి తెచ్చిన దుంగల కొట్టమొకటి దానిలో ఉన్నది. అమ్మకమునకు తోలుకొనిపోవు మనుష్యులను అందులో బంధించెడివారు. ఇప్పుడు ఎవరైనను దానిలోనికి వెళ్లి నిలువవచ్చును. పైదూలములకు గొలుసు దూర్చిన ఇనుప కడియములు ఇంకను ఉన్నవి.