అప్‌డేట్ మధ్యలో ఆగిపోతే

బదిలీ ఉత్తర్వు వస్తే ఇంట్లోని గిన్నెలు, పుస్తకాలు, మడత మంచాలతో పాటు కంప్యూటరు కూడా అట్టపెట్టెలోకి వెళ్తుంది. కొత్త ఊళ్ళో క్వార్టర్ దొరికి, ఆ పెట్టె విప్పేసరికి ఒక్కోసారి రెండు మూడు నెలలు గడిచిపోతాయి. అప్పుడు కంప్యూటరు ఆన్ చేయగానే నెలల తరబడి పేరుకుపోయిన అప్‌డేట్లన్నీ ఒకేసారి మొదలవుతాయి. అవి 30 శాతం దగ్గరో 70 శాతం దగ్గరో నిలిచిపోతే ఇంటిల్లిపాదికీ కంగారే. సెలవుల హోంవర్కు, పాత ఊరి స్నేహితుల ఫొటోలు, తాతగారి గొంతు రికార్డింగులు అన్నీ అందులోనే ఉంటాయి కదా!

అప్‌డేట్‌కు ‘నవీకరణ’ అనే చక్కని తెలుగు మాట ఉంది. అయితే ఇంట్లో ఎవరూ అలా అనరు కాబట్టి మనమూ ఈ పాఠంలో అప్‌డేట్ అనే అందాం.

విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్ వేల ఫైళ్ళ సమూహం. కంప్యూటరు నడుస్తున్నంతసేపూ వాటిలో చాలా ఫైళ్ళు వాడుకలో ఉంటాయి. మనం కూర్చున్న చాపను మనమే దులపలేం, లేచి నిలబడాలి. అందుకే అప్‌డేట్ ముందుగా కొత్త ఫైళ్ళను దించుకుని పక్కన పెట్టుకుంటుంది, రీస్టార్ట్ అయ్యేటప్పుడు పాతవాటి స్థానంలో వాటిని ఉంచుతుంది. ఆ పని కుదరకపోతే చేసిన మార్పులను రద్దు చేస్తున్నానని తెర మీద చెప్పి వెనక్కి వెళ్తుంది. ఆ మాట చూసి భయపడకండి. మన ఫైళ్ళకు హాని కలగకుండా కంప్యూటరు తీసుకునే జాగ్రత్త అది.

ఆగినట్టు కనిపించినంత మాత్రాన ఆగిపోయిందని అనుకోకూడదు. పాత హార్డ్ డిస్క్ ఉన్న యంత్రంలో ఒకే అంకె గంటసేపు కదలకపోవచ్చు. సీపీయూ పెట్టె మీద చిన్న దీపం మిణుకుమిణుకుమంటుంటే లోపల పని జరుగుతున్నట్టే. కొన్ని గంటలు చూసినా ఏ కదలికా లేకపోతేనే పవర్ బటన్‌ను 10 సెకన్లు నొక్కి పట్టి ఆపాలి. నోయిడా, గురుగ్రామ్, ఘజియాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి ఇంకో ఇబ్బంది ఉంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు వచ్చే ఆ కొద్ది సెకన్ల ఖాళీ చాలు, డెస్క్‌టాప్ ఆరిపోతుంది. సరిగ్గా ఫైళ్ళు మారే సమయంలో అలా జరిగితే విండోస్ అసలు తెరుచుకోకపోవచ్చు. యూపీఎస్ ఉందిలే అని ధీమాగా ఉండకండి, లోపలి బ్యాటరీ ముసలిదైతే అది ఉన్నా లేనట్టే. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఉంచితే చాలు.

అప్‌డేట్ విఫలమైతే తెర మీద ఒక కోడ్ కనిపిస్తుంది. ఉదాహరణకు 0ఎక్స్80070070. ఇది మంత్రం కాదు, 16 ఆధారంగా రాసిన సంఖ్య. చివరి 70ని మన లెక్కలోకి మారిస్తే 7 పదహార్లు, అంటే 112. విండోస్ తప్పుల పట్టికలో 112కు అర్థం ‘డిస్క్ నిండిపోయింది’ అని. చూశారా, గణితం క్లాసులో నేర్చిన స్థానవిలువ ఇక్కడ ఎలా అక్కరకు వచ్చిందో! సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిచి తాత్కాలిక ఫైళ్ళు తీసేయాలి. పెద్ద అప్‌డేట్‌కు 20 జీబీ దాకా ఖాళీ ఉంటే మంచిది. డౌన్‌లోడ్స్ అన్న పెట్టెకు టిక్ పెట్టేముందు మాత్రం అమ్మానాన్నలను అడగండి. బదిలీ కాగితాల స్కాన్లు అక్కడే ఉండవచ్చు.

బదిలీ ఇళ్ళలో ఎక్కువగా కనిపించే కారణం ఇంకొకటి ఉంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, చాలా యంత్రాల్లో దాని పేరు సీఆర్2032. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. పాత కంప్యూటరు నెలల పాటు పెట్టెలో ఉంటే అది పూర్తిగా అయిపోవచ్చు. అప్పుడు కంప్యూటరు తేదీ ఏళ్ళ వెనక్కి వెళ్తుంది. ఇంటర్నెట్‌లో ఒక సర్వర్ నిజమైనదేనని చెప్పే ధ్రువపత్రాలకు ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు’ అని గడువు ఉంటుంది. మన గడియారమే తప్పయితే ఆ పత్రాలు చెల్లనట్టు కనిపిస్తాయి, అప్‌డేట్ దిగదు. కాబట్టి అన్నిటికన్నా ముందు తెర మూలనున్న తేదీ చూడండి. ఆ బ్యాటరీ పెద్ద ఖరీదేమీ కాదు.

కొత్త ఇంట్లో వైఫై పెట్టించేదాకా నాన్నగారి ఫోన్ హాట్‌స్పాట్‌తోనే నెట్టుకొస్తాం. ఆ కనెక్షన్‌ను ‘మీటర్డ్’ అని గుర్తు పెట్టి ఉంటే విండోస్ పెద్ద డౌన్‌లోడ్లను ఆపి ఉంచుతుంది. అది లోపం కాదు.

ఇవన్నీ సరిగానే ఉంటే పెన్‌డ్రైవ్, ప్రింటర్ తీగలు తీసేసి, రీస్టార్ట్ చేసి, సెట్టింగ్స్‌లోని ట్రబుల్‌షూట్‌లో విండోస్ అప్‌డేట్ పరీక్ష నడపాలి. యంత్రం అసలు తెరుచుకోకపోతే, రెండు మూడు విఫల ప్రయత్నాల తరువాత నీలి రంగు మరమ్మతు తెర దానంతట అదే వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళ్తే చివరి అప్‌డేట్‌ను తీసేసే వీలుంటుంది. ఇక్కడ కొన్ని కంప్యూటర్లు 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతాయి. చాలా ఇళ్ళలో అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది. ఆ ఖాతాకు పాత ఊరి ఫోన్ నంబరు ఇచ్చి, కొత్త ఊళ్ళో సిమ్ మార్చేస్తే ఓటీపీ ఎవరికి వస్తుంది? కీ దొరకకపోతే డిస్క్‌లోని ఫొటోలు ఇక తెరుచుకోవు. ఈ పాఠంలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి.

తప్పు ఒక్కోసారి అప్‌డేట్ పంపినవారిదే కావచ్చు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే సంస్థ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక ఫైలు ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. ఢిల్లీ విమానాశ్రయంలో విమానాల వివరాలు తెల్లబోర్డు మీద చేత్తో రాశారు. హైదరాబాదులో చేతిరాత బోర్డింగ్ పాసులు ఇచ్చారు. కారణం చిన్నదే: ఒక చోట 21 విలువలు ఉంటాయని ఆశిస్తే అందినవి 20. లేని 21వ విలువను చదవబోయి యంత్రం కూలిపోయింది. చాలాచోట్ల ఉద్యోగులు ఒక్కో కంప్యూటరు దగ్గరికీ వెళ్ళి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును తొలగించాల్సి వచ్చింది.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రంలో విండోస్ 11 ఎక్కకపోవడానికి టీపీఎమ్ 2.0 అనే భద్రతా భాగం లేకపోవడం తరచుగా కారణం. దానికి ఎన్నిసార్లు ప్రయత్నించినా లాభం లేదు. అలాంటి యంత్రాన్ని పారేయకుండా లినక్స్ ప్రయత్నించవచ్చు. సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌లో తెలుగు కూడా ఉంది.

తెర నిండా హెచ్చరిక వచ్చి ‘ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అంటే మాత్రం అది మోసం. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. ఇలాంటి నకిలీ కాల్ సెంటర్లపై మన పక్కనే ఉన్న గురుగ్రామ్, నోయిడాల్లో 2018లో పోలీసులు దాడులు చేశారు. డబ్బు పోతే వెంటనే పెద్దలతో 1930కి ఫోన్ చేయించాలి.

ఇక లారీ రావడానికి ఒక వారం ముందు చేయాల్సిన పని: అప్‌డేట్లు పూర్తి చేసి, ఫొటోలను బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ 48 అంకెలను కాగితం మీద రాసి ఇంటి ముఖ్యమైన పత్రాల ఫైలులో పెట్టండి. ఆ ఫైలు, ఆ డిస్క్ లారీలో కాకుండా మీతో పాటు రైల్లో రావాలి.