ఐదు దేశాలు జారిపోయిన లెక్క

మన ట్రస్టు స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలో బి.కాం. చదువుతున్న ఒక అమ్మాయికి ఒక పట్టిక చూపించి, ఇది సరిగ్గా ఉందంటావా అని అడిగాను. "పెద్ద పెద్ద ప్రొఫెసర్లు వేసిన లెక్క కదా సార్, నేనేం చెప్పగలను?" అంది. పక్కనున్న తండ్రిగారు కూడా తల ఊపారు. వారిద్దరినీ మనసులో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. సగటు కట్టడం వస్తే చాలు, ఇందులో ఇంతకు మించిన గణితం లేదు.

2008లో అమెరికాలో మొదలైన ఆర్థిక సంక్షోభం తరువాత చాలా దేశాల ప్రభుత్వాలు భారీగా అప్పులు చేశాయి. ఇంకా ఖర్చు పెట్టి ఉద్యోగాలు నిలబెట్టాలా, లేక ఖర్చు తగ్గించి అప్పు తీర్చాలా అన్నది అప్పటి పెద్ద చర్చ. 2010లో ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక చిన్న పరిశోధనా పత్రం వెలువరించారు. ఒకరు కెన్నెత్ రోగాఫ్, హార్వర్డ్ ప్రొఫెసర్. అంతకు ముందు అంతర్జాతీయ ద్రవ్యనిధిలో ముఖ్య ఆర్థికవేత్తగా పనిచేసినవారు. రెండవవారు కార్మెన్ రైన్‌హార్ట్. ఆమె అప్పుడు మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఉండేవారు, తరువాత హార్వర్డ్‌కు వచ్చారు. 1946 నుంచి 2009 వరకు 20 సంపన్న దేశాల లెక్కలు చూసి వారు చెప్పింది ఇదీ: ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం. అంటే ఆర్థిక వ్యవస్థ పెరగకపోగా కాస్త తగ్గిందన్నమాట.

ఆ 90 అనే అంకె చాలా దూరం ప్రయాణించింది. బ్రిటన్‌లో జార్జ్ ఆస్‌బోర్న్ 2010 ఫిబ్రవరిలో, ఆర్థికమంత్రి కావడానికి కొద్ది నెలల ముందు, తన ఉపన్యాసంలో ఈ పరిశోధనను చెప్పుకున్నారు. అమెరికాలో పాల్ రయన్ 2013 బడ్జెట్ ప్రతిపాదనలోనూ, యూరోపియన్ కమిషన్‌కు చెందిన ఓలి రెన్ అదే ఏడాది ఆర్థికమంత్రులకు రాసిన లేఖలోనూ అది కనిపిస్తుంది. పొదుపు చర్యలకు ఇదొక్కటే కారణమని నేను అనను. ఖర్చు తగ్గించాలని ముందే అనుకున్నవారికి పెద్దవారి అంకె ఒకటి చేతికందింది.

మసాచుసెట్స్ రాష్ట్ర విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్‌లో థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్.డి. విద్యార్థికి క్లాసులో ఒక హోంవర్కు ఇచ్చారు: అచ్చయిన ఏదైనా పత్రం తీసుకుని అదే జవాబు మళ్ళీ రాబట్టాలి. అతను ఈ పత్రం ఎంచుకున్నాడు. ఎన్నిసార్లు వేసినా జవాబు రాలేదు. నువ్వే ఎక్కడో పొరబడి ఉంటావని అతని ప్రొఫెసర్లు కూడా మొదట అనుకున్నారు. చివరికి రచయితలనే అడిగాడు. రైన్‌హార్ట్ తమ ఎక్సెల్ షీటు పంపించారు. అడిగిన విద్యార్థికి అసలు కాగితమే ఇవ్వడం, నా దృష్టిలో, చిన్న విషయం కాదు.

షీటు తెరిచి చూస్తే, సగటు కట్టవలసింది 30వ వరుస నుంచి 49 వరకు. సూత్రంలో ఉన్నది 30 నుంచి 44 వరకే. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ జారిపోయాయి. లెడ్జరు కూడికలు చేత్తో వేసిన రోజుల్లో మా బ్యాంకులోనూ ఇలాగే అయ్యేది. చివరి వరుసలు వదిలేసి టోటల్ వేస్తే రాత్రి తొమ్మిదైనా బ్యాలెన్స్ కుదిరేది కాదు. మాకు అది ఆ రాత్రికే బయటపడేది. ఇక్కడ మూడేళ్ళు పట్టింది.

నిజానికి అంతకంటే పెద్ద తేడా మరొకచోట ఉంది. న్యూజిలాండ్‌లో అప్పు 90 దాటిన ఏళ్ళు ఐదు. 1946 నుంచి 1949 వరకు వృద్ధి 7.7, 11.9, మైనస్ 9.9, 10.8. తరువాత 1951లో మైనస్ 7.6. కూడి ఐదుతో భాగించి చూడండి, సుమారు 2.6 వస్తుంది. వారి లెక్కలో మొదటి నాలుగేళ్ళు లేవు, మిగిలింది మైనస్ 7.6 ఒక్కటే. పైగా ప్రతి దేశానికీ ఒకే విలువ ఇచ్చారు. బ్రిటన్ 19 ఏళ్ళ సగటు 2.4కీ, న్యూజిలాండ్ ఒక్క ఏడాదికీ తూకం సమానం! సగటులోకి వచ్చిన దేశాలు ఏడే కాబట్టి ఆ ఒక్క ఏడాదే ఏడో వంతు అయింది.

హెర్న్‌డన్ తన ప్రొఫెసర్లు మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్‌లతో కలిసి 2013 ఏప్రిల్‌లో ఇదంతా ప్రకటించాడు. సరిదిద్దిన సగటు 2.2 శాతం. రోగాఫ్, రైన్‌హార్ట్ ఎక్సెల్ తప్పును వెంటనే ఒప్పుకున్నారు. కావాలని ఏళ్ళు వదిలేశారన్న మాట మాత్రం ఒప్పుకోలేదు. అప్పటికి ఆ గణాంకాలు పూర్తిగా సరిచూసుకోలేదని, దేశాలకు సమాన తూకం కూడా వాడుకలో ఉన్న పద్ధతేనని అన్నారు.

వారి పక్షాన చెప్పవలసింది కూడా ఉంది. సరిదిద్దిన పట్టికలోనూ అప్పు 60 నుంచి 90 శాతం మధ్య ఉన్నప్పుడు వృద్ధి 3.2, అది దాటాక 2.2. కొంత తగ్గుదల ఉన్న మాట నిజమే, 90 దగ్గర అగాధం మాత్రం కనిపించదు. పోనీ అప్పు వల్ల వృద్ధి తగ్గిందా, వృద్ధి తగ్గడం వల్ల అప్పు పెరిగిందా? ఆ పట్టిక ఒక్కటే చూసి అది చెప్పలేం. ఆ అమ్మాయి మళ్ళీ వస్తే ఈసారి ఈ ప్రశ్నే అడుగుతాను.