ఒట్టుకు ముందు వైద్యము

మద్యము సేవించి వాహనము నడిపి నాంపల్లి న్యాయస్థానముల మెట్లెక్కినవారు మన నగరమున అనేకులు. 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నచో అది నేరము. 2019 సవరణ ననుసరించి మొదటి నేరమునకు ఆరు నెలల వరకు కారాగారము గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. సమీపముననే యున్న గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ సంస్థలో ఇట్టివారికి భార్యనో తల్లిదండ్రులనో వెంట నిలిపి హితబోధ చేయుట పరిపాటి. తాగినవాడు ఒక్కడే యైనను ఆ భారమును ఇల్లంతయు మోయుచున్నది గదా!

ఇంటికి వచ్చిన పిదప జరుగునది ఒట్టు. ఇష్టలింగము నెదుటనో, బిడ్డ తలపై చేయి వేయించియో “రేపటినుండి ముట్టను” అనిపింతురు. సంకల్పము మంచిదే. అప్పుడప్పుడు తాగువానికి అది చాలవచ్చును. కాని ఏండ్ల తరబడి ఉదయము లేచినది మొదలు తాగువాడు ఒక్కదినమున మానుట ప్రాణాపాయకరము.

కారణమేమి? మద్యము మెదడును మందగింపజేయును. మెదడు దానికి అలవాటుపడి, ఎదురుగా తన వేగమును పెంచుకొనును. మద్యము హఠాత్తుగా ఆగినచో, అడ్డులేని ఆ వేగము శరీరమును కుదుపును. కొన్ని గంటలలో చేతుల వణకు, చెమటలు, నిద్రలేమి కలుగును. రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. రెండుమూడు దినములకు కొందరికి మతి చలించి, లేనివి కనబడును, జ్వరము వచ్చును. ఇంటివారు దీనిని దయ్యమనియో నటన యనియో భ్రమపడుదురు. చికిత్స లేనిచో మరణము కూడ సంభవింపవచ్చును.

2015లో తెలంగాణమున ఇది బహిరంగముగా కనబడినది. డైజిపామ్, అల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్లుపై ప్రభుత్వము దాడులు జరిపించగా, ఆ కల్లునకు అలవాటుపడినవారు నిజామాబాదు, మెదకు, మహబూబ్‌నగరు ప్రాంతములలో వణకుచు, మూర్ఛిల్లుచు ఆసుపత్రులకు చేరిరి. అనేకులు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వచ్చిరి. వారి కల్లును ఆపినది ఒట్టు కాదు, ప్రభుత్వపు దాడి. శరీరమునకు ఆ భేదము తెలియదు.

కావున ఒట్టుకు ముందు వైద్యుని చూపవలెను. నాంపల్లిలో మెట్రో ఎక్కినచో అదే మార్గమున ఎర్రగడ్డ కలదు. వైద్యులు కొలది దినములు తగ్గు మోతాదులలో మందులిచ్చి, బి1 విటమిను నింపి, వణకును అణచుదురు. తరువాత నెలల తరబడి మాటసాయము కావలెను. మరల తాగినచో “ఒట్టు తప్పినాడు” అని వెలివేయక, మరల వైద్యునికడకే తీసికొనిపోవలెను. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టము మద్యము, మాదకద్రవ్యముల వలని మానసిక స్థితులను వ్యాధులలో చేర్చి, రోగి వివరములకు గోప్యతను కల్పించినది. 2022లో ఆరంభమైన టెలి మానస్ 14416 నంబరునకు ఫోను చేసినచో తెలుగున ఉచితముగా సలహా లభించును.

బసవేశ్వరుని కాలమున కల్లమ్మి జీవించిన హెండద మారయ్య శరణులలో ఒకడై వచనములు చెప్పెను. కన్నడమున హెండమనగా కల్లు. వృత్తిని పేరులో మోసినవానికి కూడ ఆ గోష్ఠిలో స్థానము దొరకినది. నేడు కోలుకొనుచున్నవానికి మఠములు చేయదగిన దాసోహము ఇదియే: పంక్తిలో చోటు, చేతికొక కాయకము, గతమును ఎత్తిచూపని నాలుక. ఒట్టు ఆ వెనుక పెట్టించినను ఆలస్యము కాదు.