వెన్నుపాముపై ఒత్తిడి

మన వీపు నడుమ చేతితో తడిమి చూచినచో మెడనుండి క్రిందివరకు వరుసగా గట్టి గణుపులు తగులును. అవి వెన్నుపూసల వెనుకటి ముళ్ళు. మెడలో 7, రొమ్మున 12, నడుములో 5 పూసలు కలవు; ఆ దిగువనున్నవి పెద్దవారిలో ఒకటిగా కలిసిపోవును. ఈ పూసల రంధ్రము లొకదానిపై నొకటి చేరి యేర్పడిన గొట్టములో వెన్నుపాము ఉండును. దాని పొడవు ఇంచుమించు 45 సెంటీమీటర్లు. లావు మన చిటికెన వ్రేలంత. మెదడు కాళ్ళకును చేతులకును పంపు ఆజ్ఞలు, అవయవములు మెదడునకు పంపు స్పర్శ, నొప్పి, వేడిమి వార్తలు, అన్నియు ఈ త్రాడు గుండనే పోవలెను. వేరు దారి లేదు.

ఎముకల గొట్టము వెన్నుపామునకు కోటవంటిది. కాని ఆ కోటయే యొకప్పుడు చేటు తెచ్చును. కడుపులో గడ్డ పెరిగినచో పొట్ట సాగి చోటిచ్చును, ఎముక సాగదు. ఆ యిరుకు దారిలో గడ్డ గాని, చీము గాని, విరిగిన ఎముక ముక్క గాని చేరినచో నలుగునది మెత్తని వెన్నుపామే. మొదట దాని సన్నని రక్తనాళములు అణగి వాపు పుట్టును. పిదప నరపు తంతువుల పైపొర చెడి వార్తలు మందగించును. ఒత్తిడి అప్పటికిని తొలగనిచో తంతువులే నశించును. అంతకు ముందే ఒత్తిడిని తీసివేసినచో చాలవరకు మేలు కలుగును; నశించిన తంతువులు మాత్రము మరల మొలవవు.

1887వ సంవత్సరమున లండనులో జరిగిన ఒక చికిత్స ఈ సంగతిని లోకమునకు చూపెను. ఒక సైనికాధికారి వీపునొప్పితో బహుకాలము బాధపడి, తుదకు కాళ్ళు చచ్చుబడి మంచము పట్టెను. ఎక్స్ కిరణములు అప్పటికింకను కనుగొనబడలేదు. గవర్సు అను వైద్యుడు స్పర్శ ఎచ్చటినుండి లోపించినదో పరీక్షించి, గడ్డ ఏ యెత్తున నుండవలెనో నిర్ణయించెను. విక్టర్ హార్స్‌లీ శస్త్రము చేసెను. మొదట తెరచిన చోట ఏమియు కనబడలేదు. ఇంకను పైపూస తొలగించి చూడగా చిన్న గడ్డ దొరికెను. దానిని తీసివేసిన పిమ్మట రోగి క్రమముగా కోలుకొని మరల నడచెను. నేడు ఎమ్.ఆర్.ఐ. యంత్రము ఒత్తిడి ఉన్న చోటును చిత్రించి చూపుచున్నది; అయినను మోకాటిపై సుత్తితో తట్టి, అరికాలు గీచి చూచు పరీక్షను వైద్యులు మానలేదు.

కారణములు పెక్కు. మన దేశమున క్షయవ్యాధి వానిలో ముఖ్యమైనది. క్షయ ఊపిరితిత్తులనే కాక వెన్నుపూసలను గూడ తిని, చీము చేర్చి, గూని పుట్టించును. 1779లో పెర్సివల్ పాట్ అను ఆంగ్ల వైద్యుడు దీనిని వర్ణించినందున దీనికి పాట్ వ్యాధి యని పేరు. మందులను నెలల తరబడి విడువక వాడినచో ఇది కుదురును; కాళ్ళు పడిపోయినవారిలో గూడ పలువురు మరల నడచుచున్నారు. పెద్దవారిలో మెడపూసల అరుగుదల, పూసల నడిమి మెత్త జారుట, వేరుచోట పుట్టిన రాచపుండు ఎముకకు ప్రాకుట ఇతర కారణములు. రాచపుండు వలన కలిగిన ఒత్తిడికి వాపు తగ్గించు మందులు, కిరణచికిత్స, శస్త్రచికిత్స కలవు. కాని అందు ఒక్కొక్క దినమును విలువైనదే.

చెట్టునుండి పడినవానిని జాలితో గబగబ కూర్చుండబెట్టుట మనము చూచుచుందుము. అది మిగుల ప్రమాదకరము. విరిగిన పూస కదలి, అంతవరకు చెడని వెన్నుపామును నలుపవచ్చును. తల, మెడ, వీపు ఒకే వరుసలో నుండునట్లు నలుగురు కలిసి పట్టి, వెడల్పైన బల్లపై చేర్చి ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఇక మన ప్రాంతములకు దగ్గరి కారణ మొకటి కలదు. అది త్రాగునీరు. నీటిలో ఫ్లోరైడు మితిమీరినచో అది యేండ్ల తరబడి ఎముకలలో చేరును. ఎముక లావెక్కును, పూసలను కట్టియుంచు బంధనములు గట్టిపడి ఎముకగా మారును, గొట్టము ఇరుకగును. 1937లో నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో వైద్యులు ఈ వ్యాధిని మనుష్యులలో గుర్తించి ప్రకటించిరి. తరువాత నల్గొండ పేరు దీనితో ముడిపడినది. పావగడ తాలూకాలోను, ధర్మపురి, కృష్ణగిరి సీమలలోను పెక్కు గొట్టపు బావుల నీరు ఇట్టిదే.

మా వీధిలో ఒక పెద్దాయన ఉండెడివారు. పిలిచినచో తల త్రిప్పలేక ఒడలంతయు త్రిప్పి చూచువారు. మేము చిన్నతనమున అది దర్పమనుకొంటిమి. తరువాత వారి కాళ్ళు బిగుసుకొనెను. చెప్పు జారిపోయినను తెలియకుండెను. చొక్కా బొత్తాము పెట్టుకొనుట కష్టమాయెను. ఇంటివారు వాతమని తైలములు మర్దించిరి. మూత్రము బంధించిన నాడు గాని ఆసుపత్రికి పోలేదు. మెడ పూసలలో వెన్నుపాము నలుగుటకు గురుతులు ఇవియే యని మాకు చాల ఆలస్యముగా తెలిసెను.

ఇట్టివారికి పూసల వెనుకటి పలకను తొలగించి వెన్నుపామునకు చోటు కల్పింతురు. ఎముక మిక్కిలి గట్టిపడియుండుటచే ఆ శస్త్రము కష్టము. ఫలితము అందరికి ఒక్కతీరుగా నుండదు. మంచము పట్టినవారిని రెండు గంటల కొకమారు ప్రక్క మార్చనిచో పుండ్లు పడును. ఎముకలో చేరిన ఫ్లోరైడును త్వరగా తీసివేయు మందు లేదు. కనుక నీటిని మార్చుటయే చికిత్సలో మొదటిది. నీటిని కాచినచో ఫ్లోరైడు పోవునని కొందరనుకొందురు; పోదు సరికదా, నీరు ఇగిరినకొలది దాని పాలు హెచ్చును. పటికను, సున్నమును తగిన పాళ్ళలో కలిపి తేర్చు పద్ధతిని నాగపూరు శాస్త్రజ్ఞులు రూపొందించిరి. దానికి నల్గొండ పద్ధతి యని పేరు. వాననీటిలో ఈ బాధ లేదు.

విద్యార్థులారా, లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. దంతములు ఏర్పడు వయస్సులో అట్టి నీరు త్రాగినవారి పండ్లపై సుద్దవంటి తెల్లని మచ్చలో, గోధుమరంగు చారలో కానవచ్చును. ఆ మచ్చలు వెన్నుపాము నలిగినదని చెప్పవు. నీటి సంగతి చెప్పును. ఒక తరగతిలో పలువురకు అవి కనబడినచో ఆ యూరి నీటిని పరీక్షకు పంపవలెను. అందుకు శుభ్రమైన సీసాలో ఒక లీటరు నీరు చాలును.