ఎవరును చూడని చోట

ధ్యాన భాగము: మత్తయి 6:1–18, ఆదికాండము 39:1–12

భిలాయి ఉక్కు కర్మాగారమునకు 1955లో సోవియట్ దేశముతో ఒప్పందము జరిగెను. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు పని ప్రారంభించెను. నాటినుండి అనేక తెలుగు కుటుంబములు స్వగ్రామములను విడిచి ఆ పట్టణమునకు చేరినవి. నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోనున్న ఆ ఉక్కు పట్టణపు నివాస సెక్టార్లలో రుఆబాంధా ఒకటి.

స్వగ్రామమందు విశ్వాసిని అందరును ఎరుగుదురు. అతడు ఆదివారము ఆరాధనకు రానియెడల ఉపదేశిగారు ఇంటికి వచ్చి అడుగుదురు. కల్లు దుకాణము వైపు నడిచినయెడల ప్రొద్దు గూకకముందే తల్లికి తెలియును. దూరదేశపు క్వార్టరులో అట్లు అడుగువారు లేరు. రాత్రి షిఫ్టు ముగించి వచ్చి తలుపు వేసికొనిన తరువాత అతడెట్టివాడో అతనికిని దేవునికిని మాత్రమే తెలియును. అంతవరకు అతనిని నిలిపినది విశ్వాసమా, ఊరివారి కన్నులా అనునది అక్కడ బయలుపడును.

యోసేపు ఇట్టి పరీక్షకే గురియయ్యెను. ఐగుప్తులో అతనికి తండ్రి లేడు, తన దేవుని ఆరాధించు సమాజము లేదు. శోధన వచ్చిన దినమున ఇంటిలో మరి ఎవరును లేరు. అతడు తప్పిపోయినను ఆ వార్త హెబ్రోనులోని యాకోబుకు చేరదు. అయినను అది దేవునికే విరోధమైన పాపమని యెంచి అతడు పారిపోయెను. వెంటనే దొరికిన ఫలము చెరసాల! ఆకానైతే ఇశ్రాయేలు పాళెము నడుమ నివసించుచునే, దోపుడుసొమ్మును తన డేరాలో పాతిపెట్టెను (యెహోషువ 7). ప్రజల మధ్యనున్నవాడు పడిపోయెను; ఒంటరివాడు నిలిచెను.

భిలాయిలో తయారగు రైలు పట్టాలు ఒక పాఠము నేర్పును. కరిగిన ఉక్కులో హైడ్రోజను వాయువు మితిమీరి మిగిలినయెడల, ఉక్కు చల్లారునప్పుడు లోపల సన్నని పగుళ్లు కలుగవచ్చును. పైభాగము నున్నగానే యుండును. రైళ్ల బరువు పదేపదే పడగా ఆ పగులు పెరిగి ఒకనాడు పట్టా విరుగును. అందుచేత చెవికి వినబడని ధ్వని తరంగములను పంపి లోపలి లోపమును కనిపెట్టుదురు. అయితే ఆ పరీక్ష లోపమును చూపునే గాని బాగుచేయదు. ఉక్కు కరిగియున్నప్పుడే, గాలి తీసివేసిన పాత్రలో, ఆ వాయువును లాగివేయవలెను. రహస్య పాపము సంగతియు అట్టిదే. పైమెరుగు దానిని మాన్పదు. హృదయము కరిగియున్న వేళనే దానిని దేవుని యెదుట ఒప్పుకొని విడిచిపెట్టవలెను.

ధర్మము, ప్రార్థన, ఉపవాసము ఈ మూడింటిని ప్రభువు మాన్పలేదు. మనుష్యుల మెప్పుకొరకు చేయుటనే ఖండించెను. మన వెలుగు మనుష్యులకు కనబడవలెనని మత్తయి 5:16లో చెప్పినవాడును ఆయనే. ఇందు వైరుధ్యము లేదు. అక్కడ గురి తండ్రి మహిమ. ఇక్కడ ఖండింపబడినది తన ఘనత.

రహస్యమును చూచువానిని ప్రభువు తండ్రి అని పిలిచెను. ఫోర్‌మన్ వచ్చినప్పుడు మాత్రమే చురుకుగా పనిచేయు సేవను పౌలు కొలొస్సయులకు 3:22లో నిషేధించెను. తండ్రి చూచుట అట్టి తనిఖీ కాదు. నడిరేయి మూడు గంటలకు ఎవరును అడుగకున్నను యంత్రమును సరిచూచిన చేయి ఆయనకు తెలియును. సంతకమునకు బదులుగా చాపబడిన నోటును త్రోసివేసిన మనస్సు ఆయనకు తెలియును. మందిరములో ఎవరికిని తెలియని కన్నీరు ఆయనకు తెలియును. కావున ఆయన చూపు దొంగకు భయము, బిడ్డకు ఆదరణ.

ఆలోచించుడి: మిమ్మునెరిగిన వారందరు దూరమైనయెడల, మీ భక్తిలో ఏది మిగులును? మీరు ఎవరికిని చెప్పక, తండ్రికొరకు మాత్రమే ఈ వారము చేయదగిన మేలు ఏది?