క్రెడిట్ల లెక్క తేలాకే ప్రయాణం

బి.టెక్. రెండో సంవత్సరంలో ఉండగానే అమెరికాలోని విశ్వవిద్యాలయానికి మారాలని తలపోస్తున్న విద్యార్థి ముందుగా ట్రాన్స్‌ఫర్ ప్రవేశం గురించి తెలుసుకోవాలి.

ఒకచోట చదివిన పాఠ్యాంశాలను మరొక విశ్వవిద్యాలయం లెక్కలోకి తీసుకొని, మిగిలిన చదువును తన వద్ద పూర్తిచేయనిచ్చే పద్ధతిని ట్రాన్స్‌ఫర్ ప్రవేశం అంటారు. ఇందులో పరిగణనకు వచ్చేవి గడిచిన సంవత్సరాలు కావు, క్రెడిట్లు. అంటే వారంలో ఎన్ని గంటల బోధన జరిగిందన్నదాన్ని బట్టి ఒక్కో పాఠ్యాంశానికి కేటాయించే ప్రమాణాలు. అక్కడి బ్యాచిలర్ డిగ్రీకి సాధారణంగా 120 సెమిస్టర్ క్రెడిట్లు, ఇక్కడి బి.టెక్.కు సుమారు 160 కావాలి గనుక, రెండేళ్లలో సంపాదించిన 80తో మూడింట రెండు వంతుల చదువు ముగిసినట్లేనని లెక్కవేసుకునే విద్యార్థులు తక్కువ కాదు. ఆ లెక్క నిలవదు. మదింపు చేసేవారు ఒక పూర్తి విద్యా సంవత్సరాన్ని సుమారు 30 క్రెడిట్లుగానే చూడటం పరిపాటి.

అంగీకరించిన క్రెడిట్లన్నీ డిగ్రీకి పనికివస్తాయనుకోవడం ఇంతకంటే పెద్ద పొరపాటు. గణితం, భౌతికశాస్త్రం తేలికగానే చెల్లుతాయి. ఇంజినీరింగ్ డ్రాయింగ్, వర్క్‌షాప్ వంటివి మాత్రం ప్రధాన విషయానికి జమకాకుండా ఐచ్ఛికాల ఖాతాలో పడిపోవచ్చు. పైగా రచన, చరిత్ర, సామాజిక శాస్త్రాలతో కూడిన సాధారణ విద్య అక్కడ తప్పనిసరి కాగా, మన ఇంజినీరింగ్ విద్యార్థి చేతిలో ఆ పాఠ్యాంశాలు దాదాపు ఉండవు. అందుకే కన్సల్టెన్సీల కరపత్రాలలో కనిపించే "2+2"లో, అంటే ఇక్కడ రెండేళ్లు, అక్కడ రెండేళ్లు అన్న పథకంలో, అక్కడి చదువు రెండు విద్యాసంస్థల మధ్య ముందస్తు ఒప్పందం ఉన్నచోట తప్ప, ఆచరణలో రెండున్నర, మూడేళ్లకు సాగుతుంది. ఆ అదనపు సెమిస్టర్ల ఫీజు డాలర్లలోనే కట్టాలి. ట్రాన్స్‌ఫర్‌పై వచ్చే విదేశీ విద్యార్థులకు ఆర్థిక సహాయం అరుదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థ వంటివి ట్రాన్స్‌ఫర్ సీట్లలో తమ రాష్ట్ర కమ్యూనిటీ కాలేజీల వారికి ప్రాధాన్యమిస్తాయన్న సంగతి కూడా గుర్తుంచుకోదగినది.

మదింపు సవ్యంగా జరగాలంటే మార్కుల జాబితా ఒక్కటే చాలదు. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీ విద్యార్థి అయితే తన బ్యాచ్‌కు వర్తించే రెగ్యులేషన్ ప్రకారం ప్రతి సబ్జెక్టుకూ యూనిట్ల వారీ సిలబస్‌ను, విశ్వవిద్యాలయ పరీక్షల విభాగం ఇచ్చే ట్రాన్‌స్క్రిప్టులను ముందే సిద్ధం చేసుకోవడం మంచిది.

ఎలాగూ ఎం.ఎస్.కు వెళ్లదలచిన విద్యార్థి ఇక్కడే బి.టెక్. ముగించడం మేలు, ఇంజినీరింగ్ వదిలి ఆర్థికశాస్త్రమో, మరొకటో చదవాలన్న దృఢ నిశ్చయం ఉన్నవారికే నడుమ మారడంలో అర్థముంది. అక్కడి డిగ్రీ తరువాత 12 నెలలు, సాంకేతిక, విజ్ఞాన శాస్త్రాల వారికైతే మరో 24 నెలలు ఉద్యోగానుభవానికి వీలిచ్చే ఓపీటీ అనుమతి ఆకర్షణీయమైనదే గానీ, ఎం.ఎస్. చేసినవారికీ అది లభిస్తుంది.

ఇంత ఆలోచించాక కూడా నిర్ణయం మారకపోతే, ఏ సబ్జెక్టు దేనికింద జమవుతుందో తెలిపే లిఖిత మదింపును డిపాజిట్ కట్టకముందే అడిగి తీసుకోవాలి. ప్రవేశ పత్రం, ఆ తరువాత వీసాకు ఆధారమైన ఐ-20 వచ్చినా వీసా వచ్చినట్లు కాదు గనుక, పాస్‌పోర్టుపై స్టాంపింగ్ పూర్తయ్యేవరకు విద్యార్థి ఇక్కడి కాలేజీలో టీసీకి దరఖాస్తు చేయరాదు, అంతవరకు తరగతులు, పరీక్షలు మానరాదు.